సిగ్నల్ పోయిందనే ముందు వోల్టేజి చూడండి

సంక్రాంతి దాటి మడులు ఖాళీ అయ్యాయంటే మా వైపు రేడియో కంట్రోల్‌తో ఎగిరే బుల్లి బ్యాటరీ విమానాల కాలం మొదలైనట్టే. థర్మోకోల్, సన్‌బోర్డ్ కోసి రెక్కలు చేసుకునే ఇంజినీరింగు కుర్రాళ్ళు, డిప్లొమా కుర్రాళ్ళు, ఉద్యోగాలు చేసుకుంటూ ఆదివారం పూట సరదా తీర్చుకునే నాబోటి వాళ్ళు కోసేసిన వరి మడుల్లోకో, నాగావళి ఇసుకలోకో, కళింగపట్నం బీచికో చేరతాం. ఎగిరేవి ఎగురుతాయి, కూలేవి కూలుతాయి. కూలినప్పుడు మాత్రం రేడియో పట్టుకున్న కుర్రాడి నోట మొదట వచ్చే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "సిగ్నలు పోనాది మాస్టారూ."

ఈ వ్యాసం ఆ మాట మీదే. నా వాదన ముందే చెప్పేస్తాను. సిగ్నల్ పోయిందని మనం చెప్పుకునే ప్రమాదాల్లో చాలావాటికి అసలు కారణం, విమానంలో సిగ్నల్ అందుకునే రిసీవరుకీ, రెక్కల మీదా తోక మీదా ఉన్న పలకల్ని కదిపే చిన్న మోటార్లైన సర్వోలకీ అందాల్సిన వోల్టేజి అందకపోవడం. విమానం కట్టేటప్పుడు అందరూ మోటారు ఎన్ని కేవీ (వోల్టుకి ఎన్ని చుట్లు), బ్యాటరీ ఎన్ని ఎంఏహెచ్ (ఎంత చార్జి పడుతుంది), మోటారు వేగాన్ని అదుపు చేసే ఈఎస్‌సీ ఎన్ని ఆంపులు అని అడుగుతారు. లోపలున్న ఎలక్ట్రానిక్స్‌కి ఎంత వోల్టేజి కావాలి, అది ఎక్కణ్ణుంచి వస్తోంది, గాల్లో ఉన్నప్పుడు కూడా అంతే వస్తోందా అని అడిగేవాళ్ళు తక్కువ. అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న అదే అని నేను గట్టిగా నమ్ముతాను.

సిగ్నల్ అసలు పోనే పోదని నేను అనడం లేదు. రిసీవరు యాంటెన్నా చివర తెగినా, దాన్ని కార్బన్ రాడ్‌కి ఆనించి టేపు వేసినా, బ్యాటరీ కింద నలిగిపోయినా సిగ్నల్ పోతుంది. కానీ అడ్డం ఏమీ లేని చోట, మామూలు 2.4 గిగాహెర్ట్జ్ సెట్టు కూడా కొన్ని వందల మీటర్ల దాకా పనిచేస్తుంది. మనం ఎగరేసే మీటరు రెక్క విమానం నూట యాభై మీటర్లు దాటితే ముక్కు ఎటుందో తోక ఎటుందో కంటికే ఆనదు. అంత దగ్గర్లో, అంత ఖాళీ జాగాలో, నిన్నటి దాకా బాగానే ఉన్న రేడియో ఒక్క క్షణం కోసం ఎందుకు చచ్చిపోతుంది? చేతిలో ఉన్న రేడియో మీద నెపం వేయడం తేలిక. విమానం పొట్టలో దాగి ఉన్న ఐదు వోల్టుల తీగ మీదికి మన అనుమానం పోదు.

పోకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఈ లోపం తన ఆనవాళ్ళు తానే చెరిపేసుకుంటుంది. ఈఎస్‌సీలో ఉండే బీఈసీ, అంటే మోటారు బ్యాటరీ నుంచే రిసీవరుకి 5 వోల్టులు తయారుచేసి ఇచ్చే భాగం, వేడెక్కి తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోయిందనుకోండి. రిసీవరు ఆరిపోతుంది, సర్వోలు ఎక్కడివక్కడ నిలిచిపోతాయి, మోటారు ఆగుతుంది, విమానం నేలను గుద్దుతుంది. కుర్రాళ్ళు గట్లు దాటుకుంటూ పరిగెత్తి వెళ్ళి ముక్కలు ఏరేసరికి రెండు మూడు నిమిషాలు గడుస్తాయి. ఆలోపు ఆ చిప్ చల్లబడిపోతుంది. బ్యాటరీ పెట్టి రేడియో మీద స్టిక్ కదిపితే తోక మీద పైకీ కిందికీ ఆడే పలక, ఎలివేటరు, చక్కగా కదులుతుంది, మోటారు తిరుగుతుంది, లైటు వెలుగుతుంది. అన్నీ పనిచేస్తున్నాయి కదా, మరి ఎందుకు పడింది? సిగ్నలే పోయుంటుంది! తీర్పు అయిపోయింది. పగిలిన రెక్క అతికించి, అదే ఈఎస్‌సీతో వచ్చే వారం మళ్ళీ ఎగరేస్తారు.

ఈ 5 వోల్టుల సంగతి ఎక్కడ మొదలైందో తెలిస్తే ఇబ్బంది ఎందుకొచ్చిందో అర్థమవుతుంది. ఇంజన్‌తో ఎగిరే మోడళ్ళ కాలంలో రేడియోకి వేరే బ్యాటరీ ఉండేది. నికెల్ కాడ్మియం సెల్ ఒక్కోటి 1.2 వోల్టులు, నాలుగు కలిపితే 4.8. మామూలు డ్రై సెల్స్ నాలుగు పెడితే 6. సర్వోల మీద ఈ రోజుకీ 4.8 నుంచి 6 వోల్టులు అని రాసి ఉండటం ఆ నాలుగు సెల్స్ చలవే. రేడియో కంట్రోల్‌తో ఎగిరిన విద్యుత్ విమానాల్లో మొదటిదిగా నమోదైనది ఇంగ్లండులో టాప్లిన్ అనే కల్నల్ 1957 జూన్ 30న ఎగరేసిన రేడియో క్వీన్. అది సిల్వర్ జింక్ బ్యాటరీలతో లేచింది. ఆ తర్వాత చాలా ఏళ్ళ పాటు కరెంటు విమానాలకు శత్రువు బరువే. మోటారుకి ఒక బ్యాటరీ, రేడియోకి ఇంకో బ్యాటరీ మోయడం ఎందుకని, రెండోదాన్ని తీసేయడానికి పుట్టిన సర్క్యూటే బ్యాటరీ ఎలిమినేటర్, మన బీఈసీ.

అప్పట్లో మోటారు బ్యాటరీ అంటే ఆరేడు నికెల్ సెల్స్, 7.2 నుంచి 8.4 వోల్టులు. దాన్ని 5కి దించాలంటే మూడు వోల్టుల దాకా వదిలించుకోవాలి, అంతే. అందుకు లీనియర్ రెగ్యులేటర్ చాలు. చవక, చిన్నది, రేడియో సిగ్నల్‌కి అడ్డుపడే గోల పెట్టదు. ఆ లెక్కకి అది మంచి నిర్ణయమే. తర్వాత లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) వచ్చింది. ఒక్క సెల్లే 3.7 వోల్టులు, ఫుల్ చార్జిలో 4.2. మూడు సెల్స్ ఉన్న 3ఎస్ బ్యాటరీ మీద 11.1 అని ఉంటుంది, చార్జరు మీంచి తీసినప్పుడు 12.6 ఉంటుంది. మోటార్లు మారాయి, బ్యాటరీలు మారాయి. చవక ఈఎస్‌సీల్లో మాత్రం ఆ పాత లీనియర్ బీఈసీ అలాగే కూర్చుండిపోయింది. నన్ను బాధపెట్టేది ఇదే.

లీనియర్ రెగ్యులేటర్‌కి తెలిసిన పని ఒక్కటే, ఎక్కువైన వోల్టేజిని వేడిగా మార్చి వదిలేయడం. ఎంత వేడో లెక్క కట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. లోపలికి వచ్చే వోల్టేజిలోంచి బయటికి ఇచ్చే వోల్టేజి తీసేసి, మిగిలినదాన్ని కరెంటుతో గుణించాలి. గాల్లో ఉన్నప్పుడు 3ఎస్ బ్యాటరీ 11.5 వోల్టుల దగ్గర ఉందనుకుందాం. సర్వోలూ రిసీవరూ కలిసి ఒక ఆంపు లాగుతున్నాయనుకుందాం. 11.5లో 5 పోతే 6.5. అంటే ఆరున్నర వాట్లు వేడి. సర్వోలకు అందేది 5 వాట్లే, వేడిగా పోయేది అంతకంటే ఎక్కువ! అదే పాత రోజుల 7.6 వోల్టుల బ్యాటరీ అయితే ఈ వేడి 2.6 వాట్లు. 4ఎస్‌కి వెళితే, గాల్లో 15.5 అనుకున్నా, పదిన్నర వాట్లు.

ఈ వేడంతా గోరంత చిప్పుల్లో పుడుతుంది. వాటి మీద ప్లాస్టిక్ గొట్టం బిగించి ఉంటుంది. ఆ ఈఎస్‌సీ థర్మోకోల్ పెట్టెలో ఉంటుంది, అదేమో వేడిని బయటికి పోనివ్వని సరుకు. పైన మే నెల మధ్యాహ్నపు శ్రీకాకుళం ఎండ. మోటారు తాలూకు ట్రాన్సిస్టర్లు కూడా అదే బోర్డు మీద వేడెక్కుతూ ఉంటాయి. ఇన్నిటి మధ్య దాని మీద రాసిన 2 ఆంపులు నిజంగా ఇస్తుందని ఎలా నమ్మడం? చాలా ఈఎస్‌సీల మాన్యువల్లో ఒక చిన్న పట్టిక ఉంటుంది. బ్యాటరీలో సెల్స్ పెరిగేకొద్దీ ఎన్ని సర్వోలు కలపొచ్చో ఆ సంఖ్య తగ్గుతూ పోతుంది. 2 ఆంపులు అని రాసింది తయారీదారే, ఈ పట్టిక ఇచ్చిందీ తయారీదారే. మనవాళ్ళు మొదటిది చదివి రెండోది వదిలేస్తారు.

స్విచింగ్ బీఈసీ పనిచేసే తీరు వేరు. అది కరెంటును చాలా వేగంగా ఆపుతూ వదులుతూ కాయిల్ ద్వారా వోల్టేజి దించుతుంది. వేడిగా పోయేది పది పదిహేను శాతం. 5 వోల్టుల్లో ఒక ఆంపు ఇవ్వడానికి 11.5 వోల్టుల బ్యాటరీ నుంచి అర ఆంపుకి కాస్త అటూ ఇటూ తీసుకుంటుంది. 4ఎస్ పెట్టినా దానికి పెద్ద తేడా పడదు. 3 ఆంపుల చిన్న స్విచింగ్ బీఈసీ పది పదిహేను గ్రాములుంటుంది, ధర కొన్ని వందల రూపాయలు. నాలుగు సర్వోలు దాటినా, మెటల్ గేరు సర్వో ఒక్కటి ఉన్నా, 4ఎస్ వాడుతున్నా, వేరే స్విచింగ్ బీఈసీ లేకుండా ఎగరేయకూడదన్నది నా పట్టు.

వేడి ఒక్కటే కాదు, ఇంకో లోపం ఉంది. అది ఇంకా మాయదారిది. మల్టీమీటరుకి దొరకదు. రిసీవరు ఖాళీ చానెల్లో, అంటే ఏ సర్వో గుచ్చని గూట్లో, మీటరు పెట్టి స్టిక్కులు కదిపితే 4.9, 5.0 అని నిమ్మళంగా చూపిస్తుంది. "ఇదిగో మాస్టారూ, బాగానే ఉంది కదా" అంటారు. మీటరు సెకనుకి రెండు మూడుసార్లే అంకె మారుస్తుంది, మధ్యలో ఏం జరిగిందో దానికి తెలీదు. తెలిసిన కాలేజీ ల్యాబులో ఒకసారి అదే తీగకి, వోల్టేజి మార్పుల్ని క్షణక్షణం గీతగా చూపించే ఆసిలోస్కోపు తగిలించి కుర్రాళ్ళకి చూపించాం. స్టిక్కులు రెండూ ఒకేసారి మూలకి గుంజగానే తెర మీద 5 దగ్గరున్న గీత చటుక్కున కిందికి దిగి, కొన్ని మిల్లీసెకన్లు అక్కడే తడబడి, మళ్ళీ పైకెక్కింది. పక్కనున్న మల్టీమీటరు అప్పుడు కూడా 4.9 అనే చూపిస్తోంది. ఆ కుర్రాళ్ళు చాలాసేపు స్టిక్కులు గుంజుతూ ఆ గీతనే చూస్తూ ఉండిపోయారు. నేను ఎంత చెప్పినా ఎక్కనిది అక్కడ ఎక్కింది.

ఎందుకలా పడిపోతుందంటే, ఆగి ఉన్న సర్వో కదలడం మొదలుపెట్టే క్షణంలో దాని మోటారు, తిరగకుండా పట్టేసినప్పుడు లాగేంత కరెంటు లాగుతుంది. 9 గ్రాముల చిన్న నీలం సర్వో కూడా ఆ క్షణంలో అర ఆంపు దాటుతుంది. ఎంజీ996ఆర్ లాంటి మెటల్ గేరు సర్వో 6 వోల్టుల దగ్గర రెండున్నర ఆంపులు. అలాంటివి నాలుగూ ఒకేసారి కదిలితే పది ఆంపులు. మన బీఈసీ రెండు ఆంపులది. మిగతాది ఎక్కణ్ణుంచి వస్తుంది? రాదు. వోల్టేజి పడిపోతుంది. విమానం నిటారుగా దిగుతోంది, కుర్రాడు భయపడి స్టిక్కులన్నీ ఒక్కసారి లాగాడు, రేడియో చచ్చింది. సాయం కావాల్సిన ఆ క్షణంలోనే ఈ లోపం బయటపడుతుంది.

2.4 సెట్లు 2005, 2006 ప్రాంతంలో మోడళ్ళవాళ్ళ చేతికి వచ్చినప్పుడు లోకమంతటా ఇదే గోల. అంతకు ముందరి మెగాహెర్ట్జ్ రిసీవరుకి వోల్టేజి ఒక క్షణం తగ్గితే సర్వోలు ఒకసారి వణికి మళ్ళీ మాట వినేవి. కొత్త రిసీవర్లలో ప్రాసెసర్ ఉంది. వోల్టేజి మూడున్నర చిల్లర దిగితే అది రీసెట్ అయి, మొదట్నుంచి లేచి, తన ట్రాన్స్‌మిటరుని వెతుక్కోవాలి. తొలితరం సెట్లకి అందుకు కొన్ని సెకన్లు పట్టేది. ఇప్పటివి తొందరగానే లేస్తాయి, కానీ తక్కువ ఎత్తులో ఒక్క సెకను చాలు. అప్పుడు కూడా జనం మొదట కొత్త ఫ్రీక్వెన్సీనే తిట్టారు. తిట్టాల్సింది బలహీనమైన 5 వోల్టుల తీగని.

దీనికి మందుగా ఖాళీ చానెల్లో పెద్ద కెపాసిటరు గుచ్చడం ఒక వాడుక. 4700 మైక్రోఫారడ్లది తెచ్చి పెట్టేసి నిశ్చింతగా ఉంటారు. అదీ లెక్క చూద్దాం. ఒక ఆంపు కొరత ఐదు మిల్లీసెకన్ల పాటు ఉంటే ఆ కెపాసిటరు దగ్గర ఒక వోల్టు తగ్గుతుంది. అంటే ఆ కాసేపు అది కాపాడుతుంది. కొరత నాలుగు ఆంపులైతే, లేదా ఇరవై మిల్లీసెకన్లయితే, దాని పని అయిపోయింది. పెడితే మంచిదే. బీఈసీ చాలని చోట అది వైద్యం కాదు.

ఇంతకీ పడింది సిగ్నల్ వల్లా, పవర్ వల్లా అని తేల్చుకోవడం ఎలా? దీనికి ఫెయిల్‌సేఫ్, అంటే సిగ్నల్ పోతే మోటారూ సర్వోలూ ఏ స్థితికి వెళ్ళాలో రిసీవరుకి ముందే చెప్పి ఉంచడం, చాలా ఉపయోగపడుతుంది. మనవాళ్ళలో చాలామంది దాన్ని సెట్ చేయరు, చేసినా థ్రాటిల్ (మోటారు వేగం) సున్నాకి పెట్టి వదిలేస్తారు. థ్రాటిల్ సున్నా, ఎలివేటరు ఒక పిసరు పైకి, తోక మీద నిలువు పలక రడ్డరు కొంచెం ఎడమకి అని పెట్టుకోండి. నిజంగా సిగ్నల్ పోతే రిసీవరు బతికే ఉంటుంది కాబట్టి విమానం మోటారు ఆపుకుని ఎడమకి గుండ్రంగా తిరుగుతూ దిగుతుంది. మైదానంలో ఉన్న అందరికీ అది కనిపిస్తుంది. అలా కాకుండా, మోటారు ఆగి, సర్వోలు అంతకు ముందున్న చోటే బిగుసుకుపోయి విమానం ఉన్న దారినే పోయి పడితే, పవర్ పోయినట్టు. ఒక్కసారి టక్కున అదిరి, కాసేపటికి మళ్ళీ మాట విన్నదంటే రీసెట్ అయిందని అనుమానించాలి. కొన్ని రిసీవర్లలో మధ్యలో పవర్ పడిపోయి లేస్తే లైటు నిలకడగా వెలగకుండా మిణుకుతూ ఉంటుంది. బ్యాటరీ పీకేసే ముందు ఆ లైటు చూడండి. పీకేశాక ఆ సాక్ష్యం ఉండదు.

మన దగ్గర ఎక్కువగా కనిపించే ఫ్లైస్కై ఐ6 సెట్టుకి ఐఏ6బీ రిసీవరు పెడితే, విమానంలో ఉన్న 5 వోల్టుల తీగ ఎంతుందో చేతిలో ఉన్న తెర మీదే కనిపిస్తుంది. దానికి అలారం కూడా పెట్టుకోవచ్చు. మిల్లీసెకన్ల పతనాలు అందులో దొరకవు కానీ, వేడెక్కి మెల్లగా కిందికి జారే బీఈసీ దొరుకుతుంది. ఆ అంకె నెలల తరబడి కళ్ళ ముందే ఉన్నా అదేంటో అడిగేవాళ్ళు అరుదు.

నాకు వచ్చే ఎదురు జవాబు నాకు తెలుసు. "ఇన్నాళ్ళూ ఇలాగే ఎగరేశాం, ఏం కాలేదు." నిజమే. 3ఎస్ బ్యాటరీ, రెండు మూడు చిన్న సర్వోలు, పది నిమిషాల ఎగురుడు, డిసెంబరు చలి. ఈ కొలతల్లో ఈఎస్‌సీలో ఉన్న బీఈసీ హాయిగా నెట్టుకొస్తుంది. అక్కడ అదనపు డబ్బా పెట్టమని నేను చెప్పను, బరువు దండగ. ఇబ్బంది ఎక్కడంటే, అదే ఈఎస్‌సీని పీకి కాలేజీ పోటీ కోసం కట్టిన రెండు కిలోల విమానంలో ఆరు సర్వోలతో పెట్టినప్పుడు. మడుల్లో పశువులు మేస్తుంటాయి, విమానం చూడ్డానికి ఊరి పిల్లలందరూ చేరతారు. రెండు కిలోల విమానం ప్రొపెల్లరు ముందుకు పెట్టుకుని ఎవరి మాటా వినకుండా వాళ్ళ వైపు వస్తే? కొన్ని వందల రూపాయల దగ్గర బేరమాడే చోటు కాదిది.

ఇంతవరకూ తక్కువ వోల్టేజి గురించి చెప్పాను. ఎక్కువైతే చెడేవి కూడా ఉన్నాయి. బీఈసీ గొడవే వద్దని కొందరు రెండు సెల్స్ లైపోని నేరుగా రిసీవరుకి కలిపేస్తారు. మీద 7.4 అని ఉంటుంది కదా, 6కి కాస్త ఎక్కువ, పర్వాలేదనుకుంటారు. నిండా చార్జి చేస్తే అది 8.4. రిసీవరు తట్టుకోవచ్చు, మామూలు సర్వోలు తట్టుకోవు. హెచ్‌వీ (హై వోల్టేజి) అని రాసి ఉన్న సర్వోలైతేనే ఆ పని చేయాలి. బ్యాటరీ మీద రాసిన అంకె సగటు అంకె, ఎలక్ట్రానిక్స్ చూసేది చార్జరు మీంచి తీసిన నిమిషంలో ఉన్న అంకెని. అందుకని పై హద్దు చూసేటప్పుడు సెల్‌కి 4.2 చొప్పున, కింది హద్దు చూసేటప్పుడు మోటారు కరెంటు లాగుతుండగా ఉండే 3.3 చొప్పున లెక్క కట్టాలి. 3ఎస్ అంటే నా దృష్టిలో 11.1 కాదు, 9.9 నుంచి 12.6 దాకా. కెమెరా గానీ వీడియో ట్రాన్స్‌మిటరు గానీ 12 వోల్టులదని కొంటే, కింది హద్దు నుంచి పై హద్దు దాకా అది తట్టుకుంటుందో లేదో చూడాలి. కొన్నిటి మీద 7 నుంచి 24 అని ఉంటుంది, వాటితో బెంగ లేదు.

మోటారు దగ్గరికి వస్తే, మన జిల్లాల వాళ్ళకి ఒక అలవాటైన నమ్మకం అడ్డం వస్తుంది. పొలం మోటారు లో వోల్టేజిలో కాలిపోతుందని పసిపిల్లాడికి కూడా తెలుసు. ఏ ఊళ్ళో రీవైండింగ్ షాపు ముందు చూసినా ఆ మోటార్లే. పంపు మోటారుకి ఎత్తిపోయాల్సిన బరువు అంతే ఉంటుంది, వోల్టేజి తగ్గితే ఆ లోటు కరెంటుతో పూడ్చుకుంటుంది, కాలుతుంది. దాన్ని పట్టుకుని విమానం మోటారుకి వోల్టేజి ఎంత ఎక్కువైతే అంత సుఖం అనుకుంటారు. ఇక్కడ కథ తిరగబడుతుంది. వేగం పెరిగేకొద్దీ ప్రొపెల్లరుని తిప్పడం బరువవుతుంది. వోల్టుకి ఇన్ని చుట్లు అనేదే కేవీ. 1000 కేవీ మోటారు 11.1 వోల్టుల దగ్గర, ప్రొపెల్లరు లేకుండా, నిమిషానికి 11,100 చుట్లు తిరుగుతుంది. వోల్టేజి పెరిగితే వేగం పెరుగుతుంది. వేగం పెరిగితే ప్రొపెల్లరు అడిగే టార్కు వర్గంలో, పవర్ ఘనంలో పెరుగుతాయి.

అదే మోటారు, అదే పది అంగుళాల ప్రొపెల్లరు, 3ఎస్ తీసి 4ఎస్ పెట్టారనుకోండి. వోల్టేజి మూడో వంతు పెరిగింది. కాగితం మీద కరెంటు 1.78 రెట్లు, పవర్ 2.37 రెట్లు. 15 ఆంపులు లాగేది 26 దాటుతుంది. వైండింగ్ వార్నిష్ వాసన వచ్చేది అప్పుడే. ఈఎస్‌సీ 3ఎస్‌కి చేసినదైతే ఇంకో గండం ఉంది. దాని మీదున్న కెపాసిటరు 16 వోల్టులదైతే, ఫుల్ చార్జి 4ఎస్ 16.8 వోల్టులు. బ్యాటరీ పెట్టగానే హద్దు దాటేశాం. 4ఎస్‌కి వెళ్ళొద్దని కాదు, వెళితే ప్రొపెల్లరు తగ్గించాలి. పవర్ ప్రొపెల్లరు వ్యాసానికి నాలుగో ఘాతంలో మారుతుంది కాబట్టి, పది అంగుళాలది తీసి అదే పిచ్ (ఒక చుట్టుకి ముందుకు పోయే దూరం) ఉన్న ఎనిమిది అంగుళాలది పెడితే పవర్ మళ్ళీ పాత చోటికే దాదాపుగా వస్తుంది. వోల్టేజి ఎక్కువ కాబట్టి కరెంటు పాతదానిలో ముప్పావు వంతే. చివరి మాట కరెంటూ పవరూ కొలిచి చూపే వాట్ మీటరుది. ఆ మీటరు లేకుండా బ్యాటరీ మార్చకండి.

పాత బ్యాటరీల గురించి కూడా ఒక మాట. లైపో పాతబడే కొద్దీ లోపలి రెసిస్టెన్స్ పెరుగుతుంది. సెల్‌కి 30 మిల్లీఓములైన 3ఎస్ బ్యాటరీ నుంచి 20 ఆంపులు లాగితే 1.8 వోల్టులు లోపలే పోతాయి. తీరిగ్గా ఉన్నప్పుడు 11.1 చూపించే బ్యాటరీ గాల్లో 9.3కి దిగుతుంది. ఈఎస్‌సీ దాన్ని ఖాళీ అయిన బ్యాటరీ అనుకుని మోటారు ఆపేస్తుంది. కింద పడ్డాక కొలిస్తే మళ్ళీ 11కి దగ్గర్లో ఉంటుంది. ఇదీ సిగ్నల్ ఖాతాలోకే పోతుంది! ఫుల్ చార్జి చేసిన బ్యాటరీలని వేసవిలో రేకుల షెడ్డులో వారాల తరబడి ఉంచితే తొందరగా ఉబ్బుతాయి, రెసిస్టెన్స్ తొందరగా పెరుగుతుంది. ఎగరేయని రోజుల్లో సెల్‌కి 3.8 దగ్గర ఉంచాలి. కళింగపట్నం, బారువ బీచిల్లో ఎగరేసేవాళ్ళకి ఉప్పు గాలి అదనం. ఎక్స్‌టీ60 కనెక్టరు పిన్నులు నల్లబడితే అక్కడ కూడా వోల్టేజి పోతుంది. కనెక్టరు ముట్టుకుంటే వేడిగా ఉందంటే అదే సంగతి.

ఇక వేరే బీఈసీ పెట్టాలని నిశ్చయించుకున్నవాళ్ళు చేయాల్సిన పని. ఈఎస్‌సీ నుంచి రిసీవరుకి వచ్చే మూడు తీగల్లో మధ్యలో ఉన్న ఎర్రది తీసేయాలి. నల్ల ప్లాస్టిక్ తలకి పక్కన చిన్న నాలుక ఉంటుంది. సూదితో దాన్ని ఒక వెంట్రుక ఎత్తి ఎర్ర తీగని వెనక్కి లాగితే పిన్నుతో సహా జారి వస్తుంది. కత్తిరించొద్దు, రేపు మళ్ళీ కావాల్సి రావచ్చు. పిన్ను మీద హీట్ ష్రింక్ వేసి తీగకే మడిచి కట్టేయండి. రెండు మోటార్ల విమానమైతే ఈఎస్‌సీలు రెండింటి ఎర్ర తీగలూ తీసేసి, బీఈసీ ఒక్కటే రిసీవరుకి ఇవ్వాలి. కొత్త బీఈసీని రిసీవరులో గుచ్చే ముందు బ్యాటరీకి కలిపి మల్టీమీటరుతో కొలవండి. కొన్నిటికి 5, 6 వోల్టుల జంపరు ఉంటుంది, కొన్నిటికి 5, 12 ఉంటుంది. ఆ రెండో రకం 12లో ఉండగా గుచ్చితే రిసీవరూ సర్వోలూ ఒకేసారి పోతాయి.

ఆ తర్వాత మైదానంలో ఐదు నిమిషాల పరీక్ష. విమానం తోక గట్టిగా ఒకరు పట్టుకోవాలి, ప్రొపెల్లరు ముందు గానీ పక్కల గానీ ఎవరూ ఉండకూడదు. ఫుల్ చార్జి బ్యాటరీతో మోటారు సగం దాకా పెంచి, ఐదు నిమిషాలూ స్టిక్కులు రెండూ మూల నుంచి మూలకి తిప్పుతూనే ఉండాలి. మూత మూసే ఉంచాలి, గాల్లో కూడా అలాగే ఉంటుంది కదా. తెర మీద రిసీవరు వోల్టేజి చూస్తూ ఉండండి. అది మెల్లగా జారుతున్నా, 4.6 కిందికి ఒక్కసారి వెళ్ళినా, ఏ సర్వో అయినా తనంతట తాను ఉలిక్కిపడినా, ఆ విమానం ఆ రోజు ఎగరకూడదు. మా గుంపులో ఇప్పుడు కొత్త విమానం ఏది వచ్చినా ముందు ఈ పరీక్షే. ఎండలో నిలబెట్టి స్టిక్కులు తిప్పిస్తున్నానని కుర్రాళ్ళు కాస్త విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.